కుక్కర్ కూతల నడుమ కుటుంబ ప్రార్థన

గృహ కూటముల కొరకు పాఠము

వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 6:4–9, 20–25, అపొస్తలుల కార్యములు 14:8–18, 16:1–3, 2 తిమోతి 1:5, 3:14, 15

పాఠము యొక్క ఉద్దేశము: ఇతర భాషల మధ్య స్థిరపడిన మన ఇండ్లలో విశ్వాసము ఒక తరమునుండి మరియొక తరమునకు ఎట్లు చేరునో గ్రహించుట; అనుదిన జీవితములోని చిన్న చిన్న వేళలను అందుకు వినియోగించుకొనుట.



కుటుంబ ప్రార్థన అనగానే మన మనస్సులో ఒక పటము కదలును. తండ్రి నడుమ కూర్చుండి బైబిలు తెరచియుండును. తల్లి ముసుగు వేసికొని ప్రక్కన ఉండును. పిల్లలు చేతులు జోడించి, కన్నులు మూసికొని, కదలక మెదలక కూర్చుందురు. క్యాలెండరు మీద ఈ బొమ్మ చాలా బాగుంటుంది. అయితే క్యాలెండరు బొమ్మలో వంటిల్లు కనబడదు.

మన ఇండ్లలో సంగతి వేరు. నాన్నగారు ప్రార్థన మొదలుపెట్టి సంఘకాపరి దగ్గరకు వచ్చుసరికి కుక్కరు మొదటి కూత వేయును. దేశ నాయకుల దగ్గర రెండవ కూత. సువార్తికుల దగ్గర మూడవది. ఇల్లాలు కన్నులు మూసికొనియే లెక్కపెట్టుచుండును. పప్పుకు నాలుగు కూతలు చాలు. కాని రోగులు, ప్రయాణములో నున్నవారు, ఊరిలోని బంధువులు ఇంకా మిగిలియే యున్నారు. లేచి వెళ్లితే భక్తి లేదందురు, లేవకుంటే పప్పు మాడును. ఇక ఆమె మనస్సులోని ప్రార్థన ఒక్కటే: "ప్రభువా, ఈయన చేత త్వరగా ఆమేన్ పలికించు."

నవ్వుకొని విడిచిపెట్టదగిన సంగతియే గాని, దీని వెనుక ఒక పెద్ద ప్రశ్న ఉన్నది. వారమునకు 168 గంటలు. ఆదివారపు ఆరాధనకు రెండు గంటలు పోగా 166 గంటలు మిగులును. మన సంఘములలో తాతగారు పాటల పుస్తకము చూచి పాడుదురు. కొడుకు సగము చూచి, సగము జ్ఞాపకమునుండి పాడును. మనుమడు ఫోనులో ఇంగ్లీషు అక్షరములతో వ్రాసికొన్న తెలుగు పాటను చూచి పాడును. ఆ మనుమని ఇంట రేపు ఏమి మిగులును? దేవుని వాక్యము ఉండునా? మన భాష ఉండునా? ఈ రెండును ఆదివారపు రెండు గంటలలో నిలుచునవి కావు. మిగిలిన 166 గంటలలో, కుక్కరు కూతల నడుమనే, నిలువవలెను. ఇల్లు సద్దుమణిగిన తరువాత ప్రార్థించుదమని కనిపెట్టుకొని యున్నచో పిల్లలు పెండ్లి చేసికొని వెళ్లిపోదురు గాని ఇల్లు సద్దుమణగదు.

1. మోషే చెప్పిన నాలుగు వేళలు

ద్వితీయోపదేశకాండము 6:7 తెరచి చూడుడి. దేవుని మాటలు పిల్లలకు నేర్పవలసిన వేళలు అక్కడ నాలుగు కనబడును: ఇంట కూర్చున్నప్పుడు, త్రోవ నడుచునప్పుడు, పండుకొనునప్పుడు, లేచునప్పుడు. ఈ నాలుగింటిలో ప్రత్యక్షపు గుడారము లేదు, బలిపీఠము లేదు, యాజకుడు లేడు. ఉన్నవి ఒక చాప, ఒక దారి, ఒక పడక, ఒక తెల్లవారుజాము. ఈ ఆజ్ఞ పొందినప్పుడు ఇశ్రాయేలీయులకు కూడ సొంత ఇల్లు లేదు. యొర్దాను ఇవతల గుడారములలో నున్నారు. ఇల్లు కట్టుకొనిన పిమ్మట మొదలుపెట్టుడని మోషే వారితో చెప్పలేదు.

ఇక్కడ రెండు సంగతులు గమనించవలెను. మొదటిది, ఏడవ వచనమునకు ముందు ఆరవ వచనమున్నది. ఆ మాటలు ముందుగా పెద్దల హృదయములో నుండవలెనని అది చెప్పుచున్నది. మన ఇండ్లలో ఒక్కొక్కసారి ఈ వరుస తారుమారగును. "బైబిలు చదువుకోరా!" అని కొడుకును గద్దించి తండ్రి వార్తాపత్రిక తెరచును. కొడుకు బైబిలు తెరచును గాని చూపు వార్తాపత్రిక మీదనే ఉండును. పెద్దలకు ఏది రుచియో పిల్లలు త్వరగా కనిపెట్టుదురు.

రెండవది, అక్కడ నేర్పుట అనుటకు వాడబడిన హెబ్రీ మాటలో పదును పెట్టుట అను భావమున్నది. కత్తులకు సాన పట్టువాడు చక్రము తెచ్చుకొని మన వీధికి వచ్చునప్పుడు చూచియుందురు. కత్తిపీటను ఒక్కసారి రాయికి తగిలించి ఇచ్చివేయడు. ఇటు త్రిప్పి, అటు త్రిప్పి, పది ఇరువది సార్లు రాయును. ఒక్కొక్క రాపిడి చాలా చిన్నది. సంవత్సరమునకు ఒకసారి ఉజ్జీవ కూటమునకు తీసికొనిపోయి పిల్లలకు పదును పెట్టించితిమి అనుకొనుట చాలదు. ప్రతిదినము చిన్న రాపిడి కావలెను.

ఇప్పుడు ఆ నాలుగు వేళలను మన ఇండ్లలోనే చూతము.

ఇంట కూర్చున్నప్పుడు

భోజనమునకు ముందు స్తోత్రము చెప్పుట మనకు అలవాటు. చారు చల్లారునంత సేపు ప్రార్థించుట కూడ కొందరికి అలవాటు. పౌలు త్రోయలో అర్ధరాత్రివరకు ప్రసంగించగా ఐతుకు అను యౌవనుడు కిటికీలో కూర్చుండి నిద్రపోయి మూడవ అంతస్తునుండి పడిపోయెనని అపొస్తలుల కార్యములు 20:9 చెప్పుచున్నది. పౌలు అంతటివాడు ప్రసంగించినప్పుడే ఒకడు నిద్రపోయెను. మనము ప్రార్థించునప్పుడు ఏడేండ్ల పిల్లవాడు తల్లి భుజము మీద ఒరిగితే కోపపడుట ఎందుకు? ఐతుకును ఎవరును గద్దించినట్లు లేదు. పౌలు క్రిందికి దిగి వానిని కౌగిలించుకొనెను.

మత్తయి 6:7లో మన ప్రభువు విస్తారమైన మాటలను గూర్చి హెచ్చరించి, వెంటనే ఒక ప్రార్థన నేర్పించెను. దానిని నిదానముగా పలికినను ఒక్క నిమిషము పట్టదు. అందులో దేవుని రాజ్యము ఉన్నది, నేటి అన్నము ఉన్నది, క్షమాపణ ఉన్నది. కుక్కరు ఒక్క కూత వేయునంతలోనే ముగియును. దీర్ఘ ప్రార్థన చేయగోరువారు తమ గదిలోనికి వెళ్లి తలుపు వేసికొని చేయవచ్చును. దానికి కూడ ఆ అధ్యాయములోనే, ఆరవ వచనములో, చోటున్నది. ఇంటివారందరితో కలిసి చేయు ప్రార్థన ఇంటిలోని అతి చిన్నవాని ఓపికకు తగినంత ఉండుట మేలు.

త్రోవ నడుచునప్పుడు

పిల్లలు ప్రశ్నలు అడుగుటకు సమయము చూచుకొనరు. సండే స్కూలులో "ప్రశ్నలున్నవా?" అంటే నోరు మెదపరు. స్కూటరు మీద ముందు నిలువబడి, వాహనముల రొద మధ్య, ఎర్ర దీపము దగ్గర అడుగుదురు. మా మనుమరాలు అట్లే ఒకసారి అడిగినది: "తాతా, దేవుడికి కన్నడ వచ్చా?" వచ్చును అని చెప్పితిని. "మరి మనం చర్చిలో తెలుగులో ఎందుకు పాడతాం?" పచ్చ దీపము వెలిగినది, వెనుకవారు హారను కొట్టుచున్నారు. మోషే చెప్పిన వేళ సరిగ్గా అదియే.

అదే అధ్యాయము 20వ వచనములో కూడ కుమారుడు ప్రశ్న అడుగును. ఈ కట్టడలకు భావమేమని అతడు అడిగినప్పుడు తండ్రి ఏమి చెప్పవలెను? సిద్ధాంతములు కాదు, మొదట కుటుంబ చరిత్ర చెప్పవలెనని 21వ వచనము నేర్పుచున్నది: మనము ఐగుప్తులో దాసులమై యుంటిమి, ప్రభువు మనలను బయటికి తెచ్చెను.

మనకును చెప్పవలసిన చరిత్ర ఉన్నది. కొందరి తాతలు కోలారు బంగారు గనులలో పనికి వచ్చిరి. కొందరు షోలాపూరు మగ్గముల కొరకు వెళ్లిరి. కొందరు మద్రాసులో పని వెదకుకొనుచు వచ్చి నిలిచిపోయిరి. ఇక బరంపురము, పర్లాకిమిడి తెలుగువారి సంగతి వేరు. వారు ఎక్కడికిని వెళ్లలేదు. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు సరిహద్దే వారి ఇండ్లను దాటి వెళ్లినది. బళ్లారివారికి 1953లో అట్లే జరిగినది. యానాము 1954వరకు ఫ్రెంచివారి చేతిలో నుండెను. ఇన్ని మార్పులలో మన పెద్దలు బైబిలును, పాటల పుస్తకమును వెంట ఉంచుకొనిరి. "మనం తెలుగులో ఎందుకు పాడతాం?" అను ప్రశ్నకు జవాబు ఈ చరిత్రలోనే ఉన్నది: "మీ ముత్తాతకు యేసుప్రభువు ఈ భాషలో పరిచయమయ్యాడమ్మా."

గనులు 2001లో మూతపడిన తరువాత అక్కడి కుటుంబములవారు అనేకులు పనికొరకు ప్రతిదినము రైలులో బెంగుళూరుకు వచ్చి పోవుచున్నారు. బొంబాయిలో నున్నవారికి లోకల్ రైలు ఎటూ తప్పదు. ఇంట కూర్చుండుటకే తీరిక లేని ఇట్టివారిని కూడ మోషే మరచిపోలేదు. వారికి త్రోవ ఉన్నది. రైలులోనుండి బిడ్డకు ఫోను చేసి, రాత్రి చదివిన వాక్యములో ఒక మాట జ్ఞాపకము చేసినను ఆ ఆజ్ఞ నెరవేరినట్లే.

పండుకొనునప్పుడు

రాత్రి వేళ పిల్లలకు అవ్వ చెప్పు కథలను మించిన బైబిలు తరగతి లేదు. అవ్వ చెప్పునప్పుడు దావీదు గొఱ్ఱెలు మన ఊరి చెరువు గట్టున మేయును, యోనా ఎక్కిన ఓడ మద్రాసు రేవులో నిలుచును. తప్పేమీ లేదు. కథ బిడ్డకు దగ్గరైనది.

అయితే రాత్రి వేళ భార్యాభర్తలకు మరియొక పరీక్ష ఉన్నది. పగలంతయు జరిగిన వాదము అప్పటికి ముగియదు. నీళ్ల మోటారు ఎవరు ఆపలేదు, ట్యాంకు పొంగిపోవుటకు కారకులెవరు అను సంగతి ఇంకను తేలలేదు. అట్టి సమయములో ప్రార్థనకు కూర్చుందురు. భర్త మొదలుపెట్టును: "ప్రభువా, చిన్న విషయానికే కోపపడేవారికి సహనం దయచేయుము." తరువాత భార్య వంతు: "తండ్రీ, తమ తప్పు తాము తెలుసుకొనని వారి కన్నులు తెరువుము." పిల్లలు ఒక కన్ను తెరచి ఇద్దరిని చూతురు. దేవుని సింహాసనము మీదుగా ఇద్దరును ఒకరికొకరు ఉత్తరములు పంపుకొనుచున్నారు. పోస్టు మాత్రము ఉచితము!

మొదటి పేతురు 3:7లో, భార్యతో సరిగా కాపురము చేయని భర్త ప్రార్థనలకు అడ్డు కలుగునని హెచ్చరిక ఉన్నది. ఎఫెసీయులకు 4:26 సూర్యుడు అస్తమించులోగా కోపము విడువవలెనని నేర్పుచున్నది. కనుక కబురు పంపదలచినచో దేవుని ద్వారా కాక నేరుగా పంపుటయే మంచిది: "నేనే మోటారు మరచిపోయాను, ఏమీ అనుకోకు." ఈ ఒక్క మాట పిల్లల ఎదుట పలికితే, క్షమాపణ మీద పది ప్రసంగములు వినినంత మేలు కలుగును. ఎందుకనగా ఆ బిడ్డ రేపు తన ఇంట ఏ మాట పలుకునో ఈ రాత్రియే నేర్చుకొనుచున్నది.

లేచునప్పుడు

తెల్లవారితే మన ఇండ్లు రైల్వే స్టేషనులే. కొళాయిలో నీళ్లు వచ్చు వేళ, పాలు పొంగు వేళ, స్కూలు బస్సు వచ్చు వేళ అన్నియు ఒక్కటే. ఒక కాలి మేజోడు దొరకదు. ప్రభువు ఇంకను చీకటి ఉండగానే లేచి ప్రార్థించెనని మార్కు 1:35 చెప్పుచున్నది. మనమును అట్లు లేచిన మేలే, కాని మేజోడు కొరకు వెదకుచున్న తల్లికి అది ఎక్కువ ఓదార్పునివ్వదు.

ఆమెకు తొమ్మిదవ వచనములో ఒక సులభమార్గము కనబడుచున్నది. దేవుని మాటలు ద్వారబంధముల మీద ఉండవలెనని అక్కడ ఉన్నది. మన గుమ్మముల దగ్గర కూడ వాక్యపు క్యాలెండరు వ్రేలాడును. దాని వెనుక కరెంటు బిల్లు దోపబడియుండును. క్యాలెండరు వంక చూచునప్పుడు మనము వాక్యము కొరకు చూచుచున్నామా, బిల్లు గడువు కొరకా అనునది దేవునికే తెలియును! అయినను గుమ్మము మంచి స్థలము. బిడ్డ బయటికి వెళ్లునప్పుడు తలమీద చెయ్యి ఉంచి ఒక్క వాక్యముతో దీవించుటకు అర నిమిషము చాలు. పదునాలుగేండ్ల కుమారుడు "అమ్మా, ఫ్రెండ్స్ చూస్తున్నారు" అని తప్పించుకొనును. అయినను పరీక్ష దినమున మాత్రము తానే వచ్చి తల వంచును.

2. లుస్త్రలోని ఒక ఇల్లు

ఇప్పుడు భాష సంగతికి వత్తము. మన ఇండ్లలో మూడు భాషలు ఒకే పళ్లెములో వడ్డించినట్లుండును. పిల్లలు వీధిలో ఒకటి, బడిలో ఒకటి, ఇంట ఒకటి మాటలాడి, ప్రార్థనలో అన్నిటిని కలిపివేయుదురు: "యేసప్పా, నాళె మ్యాథ్స్ టెస్ట్ ఇదె, కొంచెం హెల్ప్ చెయ్యి." ఇందులో తెలుగు మాటలు రెండే. కాని ప్రార్థన మాత్రము సంపూర్ణముగానే ఉన్నది.

ఒక్కొక్కసారి ఒకే మాట రెండు భాషలలో రెండు అర్థములిచ్చి మనలను నవ్వించును. కర్నాటకలో పెరుగు పిల్లలకు "ఊట" అనగా భోజనము. దేవుడు జీవజలముల ఊట అని యిర్మీయా 2:13 చదివితే, నీళ్లతో భోజనమెట్లని వారు అడుగుదురు. మద్రాసు పిల్లలకు తమిళములో "అవసరం" అనగా తొందర. "ప్రభువా, మా అవసరాలు తీర్చుము" అని పెద్దలు వేడుకొనగా, మా తొందర తీర్చుమని వారు విందురు. ఇది కూడ మనకు చాలా కావలసిన ప్రార్థనయే! ఒరిస్సాలో "శిక్ష" అనగా చదువు. మన శిక్షను క్రీస్తు భరించెనని చెప్పగా, స్కూలు ఫీజు ఆయనే కట్టెనని ఒక బిడ్డ సంతోషించిన ఆశ్చర్యము లేదు.

ఇట్టి స్థితి మనకే క్రొత్తగా వచ్చినది కాదు. నెహెమ్యా 13:23–25 చూడుడి. యూదుల పిల్లలలో సగము మంది అష్డోదు భాష మాటలాడుచు యూదుల భాష ఎరుగకుండిరి. నెహెమ్యాకు కోపము వచ్చి కొందరి తలవెండ్రుకలు పెరికివేసెను. అన్యస్త్రీలతో వివాహముల వలన ప్రజలు దేవుని విడిచిపోవుదురేమోనన్నది అతని భయము. అతని భారము మనము అర్థము చేసికొనవలెను గాని అతని పద్ధతి మన మనుమల మీద ప్రయోగించరాదు. తెలుగు రాదని తల మీద మొట్టికాయ తిన్న బిడ్డ తెలుగును ప్రేమించదు, తెలుగు బైబిలును అసలే తెరువదు.

ఇంకొక మార్గము లుస్త్రలో కనబడుచున్నది. ఆ పట్టణపు జనులు లుకయోనియ భాష మాటలాడువారని అపొస్తలుల కార్యములు 14:11 చెప్పుచున్నది. పౌలు బర్నబాలను దేవతలనుకొని వారు కేకలు వేయుచుండగా, అపొస్తలులకు మొదట విషయము బోధపడినట్లు లేదు. ఎడ్లును పూదండలును వచ్చిన తరువాత గాని వారు బట్టలు చింపుకొని పరుగెత్తలేదు. ఆ పట్టణములోనే ఒక యూదురాలు కాపురముండెను. భర్త గ్రీసు దేశస్థుడు. ఈకొనియలో యూదుల సమాజమందిరమున్నదని 14:1 చెప్పుచున్నది గాని లుస్త్రలో ఉన్నట్లు ఎక్కడను చెప్పబడలేదు. వీధి భాష ఒకటి, తండ్రి భాష ఒకటి, తల్లి లేఖనముల వారసత్వము ఒకటి. కుమారునికి సున్నతి కూడ జరుగలేదని 16:3 వలన తెలియుచున్నది. అంటే ఆ ఇంట అన్నియు క్రమముగా జరుగలేదు. క్యాలెండరు బొమ్మకు తగిన ఇల్లు కాదది.

ఆ ఇంటినుండియే తిమోతి వచ్చెను. అతడు చిన్నతనమునుండి లేఖనములను ఎరిగినవాడని 2 తిమోతి 3:15 చెప్పుచున్నది. ఎవరు నేర్పిరి? అవ్వయైన లోయి, తల్లియైన యునీకే అని మొదటి అధ్యాయము 5వ వచనమునుబట్టి గ్రహింపగలము. లోయి పేరు బైబిలంతటిలో ఆ ఒక్కచోటనే ఉన్నది. ఆమె ప్రసంగించినట్లు లేదు, ప్రయాణము చేసినట్లు లేదు. పౌలు ఆమెయందు చూచినది నిష్కపటమైన విశ్వాసము. అనగా ఇంటిలో ఒకటి, బయట ఒకటి లేని విశ్వాసము. ఒక్క ఇంట కలిసి బ్రదుకువారికే అది నిజముగా తెలియును.

మన సంఘములలో భర్త రాకున్నను పిల్లలను వెంటబెట్టుకొని వచ్చు తల్లులారా, కొడుకు కోడలు పనికి వెళ్లగా మనుమలను పెంచుచున్న అవ్వలారా, మీ పేరు పత్రికలో పడకపోవచ్చును. మీ ఇంటి వరుసలు సరిగా లేకపోవచ్చును. లోయి ఇంట కూడ సరిగా లేవు.

మరి తెలుగు మాటేమిటి? విశ్వాసము ముఖ్యము, భాష దానిని మోసుకొని వచ్చిన పాత్ర. అన్నము తినక పాత్రను పూజించుట తగదు. అట్లని మూడు తరములు అన్నము పెట్టిన పాత్రను వీధిలో పారవేయుటయు తగదు. పిల్లవాడు కన్నడములోనో తమిళములోనో ప్రభువును పిలిచితే సంతోషించుదము. పెంతెకొస్తు దినమున ఆత్మ ఏ భాషను తక్కువ చేయలేదు. కాని అవ్వ ప్రార్థించునప్పుడు మనుమనికి అర్థము కాకపోతే, ఆ ఇంటి సాక్ష్యము సగము అవ్వతోనే వెళ్లిపోవును. ఆమె కష్టములు, ఆమె ఓదార్పులు తెలుగులోనే ఉన్నవి. మనుమనికి తెలుగు నేర్పుట ఆ సాక్ష్యమును అతని చేతికి అందించుటయే.

ఇందుకు పాటలు గొప్ప సహాయము. నేటి ఒరిస్సా సరిహద్దులోని పర్లాకిమిడి ప్రాంతమున 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరిగారి పాటలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో నేటికిని మనము పాడుచున్నాము. అక్షరములు రాని బిడ్డకు కూడ రాగము వచ్చును. రాగము వెంట మాట వచ్చును, మాటకు అర్థము అడుగు దినము వచ్చును.

3. కొండ మీద ఐదుగురు

"మా ఇంట ప్రార్థనకు ఐదుగురమే, అందులో ఇద్దరు నిద్రపోతారు" అని కొందరు నిరాశపడుదురు. మన బాప్తిస్టు చరిత్ర జ్ఞాపకము చేసికొందము. తెలుగువారి మధ్య అమెరికను బాప్తిస్టుల పని 1836లో శామ్యూలు డే గారితో మొదలైనది. 1840నుండి నెల్లూరు దానికి కేంద్రమైనది. ఏండ్ల తరబడి ఫలము స్వల్పము. ఈ పని ఆపివేయుదమను మాట కూడ మాతృదేశములో వచ్చినది. అట్టి దినములలో, 1854 జనవరి 1న, తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండ ఎక్కి కొందరు ప్రార్థించిరి. లైమన్ జూయెట్ దొరగారు, ఆయన భార్య, వారితోకూడ నర్సు, జూలియా, రూతు అను తెలుగు విశ్వాసులు. మొత్తము ఐదుగురు. ఒక చిన్న కుటుంబమంత!

1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నడుమ గడచినవి 24 సంవత్సరములు. బిడ్డ పుట్టి, పెరిగి, పెండ్లియీడు వచ్చునంత కాలము. కొండ దిగిన మరునాడు ఆ ఐదుగురికి ఏమియు మారినట్లు కనబడి యుండదు. మన ఇంటి ప్రార్థన కూడ ఈ వారము ఏమి సాధించెనని లెక్కచూచుకొనుటకు వీలుపడదు.

4. ఈ నెలలో మన ఇండ్లలో

ఒకటి. కుటుంబ ప్రార్థనకు ఏడు నిమిషములు నియమించుకొనుడి. ఒక చరణము పాట, నాలుగైదు వచనములు, ఒక చిన్న ప్రార్థన. కుక్కరును ముందుగానే దింపవచ్చును, లేదా ప్రార్థన తరువాత ఎక్కించవచ్చును. ఈ సలహా కుటుంబ శాంతికి కూడ మంచిది.

రెండు. వాక్యమును ఒక దినము పెద్దలు తెలుగులో చదువుడి, మరునాడు పిల్లలు తమకు వచ్చిన భాషలో చదువుదురు. ఎవరికి అర్థము కాని మాటను వారు అడుగవలెను. "ఊట" వంటి మాట వచ్చినప్పుడు నవ్వుకొనుడి, పిమ్మట అర్థము చెప్పుడి.

మూడు. వారమునకు ఒక రాత్రి కుటుంబ చరిత్ర చెప్పుడి. మీ ఇంటివారు ఎక్కడివారు, ఈ ఊరికి ఎందుకు వచ్చిరి, మొదట ప్రభువును నమ్మినవారెవరు, వారు పడిన శ్రమలేమి. అవ్వ తాతలు ఉండగానే అడిగి ఒక నోటు పుస్తకములో వ్రాయించుడి.

నాలుగు. పిల్లలు ప్రార్థించునప్పుడు వారి తెలుగును దిద్దకుడి. ప్రార్థన అయిన తరువాత, వేరే వేళ, ప్రేమతో నేర్పవచ్చును.

ఐదు. యానాములో బడిలోనే తెలుగు నేర్చుకొను భాగ్యము గల పిల్లలు, పరరాష్ట్రములలోని తమ బంధువుల పిల్లలకు నెలకొక ఉత్తరము తెలుగులో వ్రాయుదురు గాక. ఫోనులోనైనను సరే, తెలుగు అక్షరములతో.

చర్చకు ప్రశ్నలు

1. మోషే చెప్పిన నాలుగు వేళలలో మన ఇంట ఏది అన్నిటికంటె సులభము? ఏది కష్టము? ఎందుకు?

2. మన పిల్లలు ఇటీవల అడిగిన ప్రశ్న ఒకటి చెప్పుడి. దానికి మనమేమి జవాబు చెప్పితిమి?

3. నెహెమ్యా మార్గమునకును లోయి మార్గమునకును భేదమేమి? మన సంఘములో ఏది ఎక్కువగా కనబడుచున్నది?

4. ప్రార్థన ద్వారా ఇంటివారికి కబురు పంపుట మానుటకు ఏమి చేయవలెను? (భార్యాభర్తలు ఒకరి మీద ఒకరు సాక్ష్యము చెప్పరాదు!)

5. మన ఇంట మొదటి విశ్వాసి ఎవరు? ఆ సంగతి మన మనుమలకు తెలియునా?

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, మా ఇండ్లలోని సందడి నీకు తెలియును. మేము చెప్పకమునుపే మా పిల్లల కలగలుపు మాటలు నీకు అర్థమగును. మా నోటిలోని మాట మొదట మా హృదయములో ఉండనిమ్ము. మా అవ్వ తాతల విశ్వాసము మా మనుమల ఇంట కూడ నివసించునట్లు చేయుము. ఈ రాత్రి కోపముతో పండుకొనబోవు వారిని సమాధానపరచుము. యేసు నామమున వేడుకొనుచున్నాము, ఆమేన్.